లెక్కలోకి రాని కడుపులు

దుప్పటి మాడిన వాసన వచ్చేదాకా ఆమెకు మెలకువ రాలేదు. ఇస్త్రీపెట్టె పట్టుకుని, నిలబడే కునుకు తీసింది. తెల్లటి దుప్పటి మీద గోధుమరంగు మచ్చ పడింది. హోటళ్ళ దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఈ వారం ఆమె మాడ్చినవాటిలో ఇది రెండోది.

"ఏమే చలిపిట్టా, ఈ ఆవిర్లో కూడా నిద్రెలా పడుతుందే నీకు?" అంది పక్కబల్ల మనిషి.

అందరూ నవ్వారు. అందరి వీపులూ చెమటతో తడిసి ఉన్నాయి. ఆమె ఒక్కతే స్వెట్టరు వేసుకుంది. ఆ పేరు అందుకే వచ్చింది.

యజమాని దుప్పటి ఎత్తి చూశాడు. కేకలు వెయ్యలేదు.

"నలభై ఆరేళ్ళకే ఇలా అయితే ఎలాగమ్మా? డాక్టరుకి చూపించుకో. బాగైతే రా. లేదంటే ఈ బల్ల ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుంది."

పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచీ అది ఆమె బల్ల.

మర్నాడు ఆసుపత్రికి భర్త రాలేదు. "ఆడవాళ్ళ సంగతులు నాకేం తెలుస్తాయి, అక్కని తీసుకెళ్ళు" అన్నాడు. వదిన వచ్చింది.

డాక్టరమ్మ ఆమె మెడ మీద వేళ్ళు ఆనించి, "మింగండి" అంది. మళ్ళీ మింగమంది.

"థైరాయిడ్ అని అనుమానంగా ఉంది. రక్తపరీక్ష చేద్దాం. మీకు ఎన్నిసార్లు కడుపొచ్చింది?"

"ఇద్దరు పిల్లలండీ. ఇద్దరూ నిక్షేపంలా ఉన్నారు" అంది వదిన.

"పిల్లలెంతమందని కాదు నేనడిగింది."

"అదే కదండీ. రెండుసార్లు."

ఆ ఇంట్లో నిలవని కడుపుల గురించి మాట్లాడరు. మొదటిసారి మూడో నెలలో పోయినప్పుడు ఆమె నడుముకు వేడినీళ్ళ గుడ్డ వేసింది ఈ వదినే. వేస్తూనే, "ఎవరితోనూ అనకు. అంటే మళ్ళీ అదే అవుతుంది" అంది. ఆమె అనలేదు. అయినా మళ్ళీ అదే అయింది. చిన్నవాడు పుట్టాక జుట్టు కుచ్చులుగా ఊడి, ఊరికే ఏడుపొచ్చేది. బాలింత బద్ధకం అన్నారు. రాత్రిళ్ళు భర్త పక్కనే ఉండేవాడు, గోడవైపు తిరిగి. అతనితో కూడా ఆమె ఒక్క మాట అనలేదు.

"ఎందుకడుగుతున్నానంటే, ఈ గ్రంథి సరిగా పనిచెయ్యకపోతే కొందరికి కడుపు నిలవదు. కొందరికి కాన్పు తర్వాతే ఈ జబ్బు మొదలవుతుంది. అన్నీ తెలిస్తే ఇది మీకు ఎప్పట్నించి ఉందో కొంతైనా ఊహించగలను" అంది డాక్టరమ్మ.

ఆమె తలెత్తింది. "అయితే... నేను తడిదుప్పట్ల మూటలు ఎత్తినందుకు కాదాండీ?"

"కాకపోవచ్చు. ఇప్పుడే తేల్చి చెప్పలేను."

ఇన్నేళ్ళూ ఆ మూటలే ఆమె కలల్లోకి వచ్చేవి. ఏ మూట ఎత్తినప్పుడు తప్పు చేసిందోనని వెతుక్కునేది.

బల్ల కింద వదిన ఆమె చెయ్యి నొక్కింది. "నా కూతురికి మొన్ననే నెల తప్పింది. ఈ అపశకునం మాటలు ఇప్పుడొద్దు. లే, పోదాం" అని గొణిగింది.

ఆమె చెయ్యి లాక్కుంది.

"నేను లేవను వదినా." డాక్టరమ్మ వైపు తిరిగింది. "ఐదండీ. మూడు నిలవలేదు."

వదిన మొహం ఎర్రబడింది. "నీ ఇష్టం, తల్లీ! రేపు దానికేమన్నా అయితే నీ నోటి చలవే అనుకుంటా" అని గుమ్మానికున్న తెర విసురుగా లాగి బయటికి వెళ్ళిపోయింది.

"మొదటిసారి నుంచి చెప్పండి" అంది డాక్టరమ్మ, మెల్లగా.

ఆమె తల వంచుకుంది. తెర అంచుకీ నేలకీ మధ్య వదిన చెప్పులు కనిపించాయి. అవి కదలడం లేదు.

ఆమె గొంతు సవరించుకుని, తెర అవతలికి వినపడేటట్టు చెప్పడం మొదలుపెట్టింది.