ఒంటికాలి మొక్కు

బియ్యం పొయ్యి మీద పెట్టిన దగ్గర్నుంచి గంజి పొంగేదాకా పది నిమిషాలు. ఆ పదీ దాలమ్మవి. కలకత్తా ఖిదిర్‌పూర్ బజారులో ఎండుచేపల బుట్టల వెనక పొద్దంతా కూర్చునే మనిషి ఆమె. ఏది ఎంత తూగుతుందో చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోతుంది. తన రోజును కూడా అలాగే తూచి చూసుకుంటే, ఎవరికీ అక్కర్లేకుండా మిగిలిన ముక్క అదొక్కటే.

ఒంటికాలి మీద నిలబడడం నేర్పింది చేపలు కొనడానికొచ్చే బెంగాలీ టీచరమ్మ. నడుం పట్టుకుని లేవలేకపోతున్న దాలమ్మను చూసి, "దిదీ, రోజూ కాసేపు చెట్టులా నిలబడు" అంటూ బజారు మధ్యలోనే కుచ్చిళ్ళు పట్టుకుని చేసి చూపించింది. ఒక పాదాన్ని రెండో తొడకి ఆనించాలి, చేతులు జోడించి పైకెత్తాలి, చూపు ఒక్కచోట నిలపాలి. వాళ్ళ ఒంటిగదిలో చూపు నిలపడానికి అమ్మవారి పటం ఒక్కటే ఉంది.

మొదట్లో పదిలో మూడు నిమిషాలు కూడా దక్కేవి కావు. "కొంగలాగ నిలబడ్డావేటే? టీ పట్రా" అనేవాడు మొగుడు పోలిరాజు. మూడేళ్ళ కూతురు కొంగు పట్టి లాగేది.

ఒకరోజు అత్త అమ్మన్నమ్మ కుళాయి దగ్గర్నుంచి బకెట్టుతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. కోడలు ఒంటికాలి మీద ఉంది, చేతులు జోడించి ఉంది, ఎదురుగా అమ్మవారు. ఓడల డాక్‌లో కూలిపని చేసే పోలిరాజు పర్మనెంటు కాయితం ఎనిమిదేళ్ళుగా కదలడం లేదు. "ఒలమ్మో, నా కొడుకు పని కోసం ఒంటికాలి మొక్కు మొక్కినాదర్రా!" అని గదుల వరసంతా చెప్పి వచ్చింది.

దాలమ్మ నోరు తెరిచి, మూసేసింది. సరుకు మేలైనదని కొనేవాళ్ళే అనుకుంటే, కాదని ఏ దుకాణంలో చెబుతారు? మర్నాటి నుంచి అత్త పిల్లను ఎత్తుకునేది. పోలిరాజు టీ తనే తెచ్చుకునేవాడు. పక్కింటి పున్నమ్మ గుమ్మం ముందు నడిచేటప్పుడు అడుగుల చప్పుడు తగ్గించేది. నాలుగు నెలల్లో నడుంనొప్పి పోయింది. పోయిందని ఇంట్లో ఎవరికీ తెలియదు, ఉందని తెలిస్తే కదా! "పోలిరాజు అదృష్టవంతుడు, పెళ్ళాం కాళ్ళు కూడా ఆడి కోసరమే" అని పున్నమ్మ అంటుంటే వింటూ నిలబడేది. తన పది నిమిషాల మీద కూడా అతని పేరే పడిందని అప్పుడు తెలిసింది.

వర్షాలు మొదలయ్యేసరికి కాయితం వచ్చింది. పోలిరాజు రసగుల్లాల కుండ తెచ్చాడు. ఒకటి దాలమ్మ నోట్లో పెట్టి, "నీ కాలి సలవేనే" అని నవ్వాడు.

అమ్మన్నమ్మ వేళ్ళు నాక్కుంటూ అంది: "మొక్కు తీరిపోనాది. రేపట్నుంచి ఆ టయానికి నీళ్ళ లైన్లో నువ్వు నిలబడు. కాదూ, మగనలుసు కోసం మొక్కుతానంటావా, మొక్కుకో. నీళ్ళు నాను పడతాను."

దాలమ్మకి బేరం అర్థమైంది. "అలాగే అత్తా" అంటే చాలు, ఇంకొన్నేళ్ళు గది నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. రసగుల్లాతో పాటు మింగేసింది.

మర్నాడు చీకటి ఉండగానే నీళ్ళు పట్టి వచ్చి, పొయ్యి మీద బియ్యం పెట్టింది. పటానికి వీపు తిప్పి, చెమ్మ దిగిన ఖాళీ గోడకేసి నిలబడి కాలెత్తింది.

"ఎవులి కోసమే ఇప్పుడు?" అంది అత్త.

"నా నడుం కోసం. మొదట్నుంచీ దానికోసమే. నువ్వు మొక్కనుకున్నావు, నాను ఊరుకున్నాను. ఆ తప్పు నాదే."

"ఇంకా నయం, నీ నడుం వల్లే నాకు పర్మనెంటు అయిందన్లేదు" అన్నాడు పోలిరాజు. పిల్ల వచ్చి కొంగు లాగింది, ఎవరూ ఎత్తుకోలేదు. దాలమ్మ కాలు జారింది. మళ్ళీ ఎత్తింది.

గంజి పొంగి పొయ్యి మీద చుయ్యిమంది.

"పొంగిపోతంది, సూడవేటే!" అని అరిచింది అమ్మన్నమ్మ.

మూత తియ్యడానికి ఆ గదిలో ఇంకో నాలుగు చేతులున్నాయి. దాలమ్మ కాలు మార్చింది.