ఖాళీ పేజీ కాను

నేను ఒక పీడీఎఫ్ ఫైలుని. రెండొందల పన్నెండు పేజీల తెలుగు వ్యాకరణం గైడుని. పుట్టింది కాకినాడలో, సత్తిబాబు డీటీపీ సెంటర్లో. ప్రెస్సువాళ్ళ దగ్గర ఫాంటు లేకపోతే అక్షరాలు చెదిరిపోతాయని, పంపేముందు ఆయన అన్నిటికీ ‘కర్వ్స్’ కొట్టేవాడు. అంటే అక్షరాన్ని గీతల బొమ్మగా మార్చేయడం. ఆ దెబ్బకి నా ‘అ’ అక్షరం కాకుండాపోయింది, ‘అ’ ఫొటో అయింది. దండ వేయడమొక్కటే తక్కువ!

చూపున్నవాళ్ళకి తేడా తెలియలేదు. పదకొండేళ్ళు పెన్‌డ్రైవుల్లో ఊరేగి విమల గారి ఫోనుకి చేరాను. ఆవిడకి చూపు లేదు, ఫోనే చదివి వినిపించాలి. ఎల్లుండి గురుకులం టీచరు పరీక్ష. వయసు ప్రకారం అదే ఆఖరి అవకాశం. ఫోను నన్ను తెరిచి “ఖాళీ పేజీ” అంది. నిండు కడుపుతో ఉన్న నన్ను పట్టుకుని!

ఆవిడ గైడు మీదున్న డీటీపీ సెంటరు పేరు పక్కవాళ్ళనడిగి తెలుసుకుని నేరుగా సత్తిబాబు దగ్గరికే వచ్చింది.

“ఎవరిచేతైనా చదివించుకోవచ్చు కదండీ?”

“రెండొందల పేజీలు మీరు చదివిపెడతారేటండీ?”

సత్తిబాబు మౌసు పట్టాడు. ఫైల్లోంచి అక్షరాలు లాగే ఉచిత సాఫ్ట్‌వేర్ దించాడు. లాగింది. ఒక్క పొల్లు కూడా రాలేదు.

“పాపం నాదేనండీ. కర్వ్స్ కొట్టింది నేనే.”

“కొట్టిన చేత్తోనే విప్పండి మరి.”

బొమ్మని చూసి అక్షరాన్ని గుర్తుపట్టే ఇంకో ఉచిత సాధనం పెట్టాడు. అది తెలుగని చెప్పడం మర్చిపోయాడు. నా గుణింతాల్లో అది ఇంగ్లీషు వెతుక్కుంది! తెలుగు జతచేసి మళ్ళీ మొదలెట్టేసరికి మధ్యాహ్నం మూడు. పొద్దుగూకాక, నూట నలభయ్యో పేజీలో కరెంటు పోయింది. యూపీఎస్ కూతలు.

“సేవ్ చేశారాండీ?” విమల అడిగింది.

మీటలు టకటకలాడాయి. తెర ఆరిపోయింది.

“చేశానండీ,” అన్నాడు చీకటిలోంచి.

కరెంటొచ్చాక మిగతా పేజీలూ అయ్యాయి. కొత్త ఫైలు ఎక్కించగానే విమల ఫోను గొంతు విప్పింది: “మొదటి అధ్యాయం. సంధులు.” నన్ను నేను వినడం అదే మొదలు.

“కొన్ని ఒత్తులు ఎగిరిపోయాయండీ. ఒత్తిడి కదా!” నవ్వాడాయన. “ఇంక పాత ఫైలు తీసేయనా?” వేలు డిలీట్ మీటమీదికి వెళ్ళింది.

“ఉంచండి. అనుమానమొస్తే ఫోన్ చేస్తాను. చూసి చెప్పాలి.”

మర్నాడు పదిహేడుసార్లు ఫోను మోగింది. పదిహేడుసార్లూ ఆయన నన్ను తెరిచి గట్టిగా చదివాడు.

పరీక్ష రోజు తొమ్మిదిన్నరకి ఆఖరి ఫోను. “నూట తొంభయ్యో పేజీ, రెండో ఉదాహరణ!” ఆయన చదివాడు. “చాలండీ, లోపలికి పిలుస్తున్నారు,” అని ఫోను ఆగిపోయింది.

ఆయన నన్ను మూయలేదు. పదకొండేళ్ళ కిందట ఒక్క వాక్యమూ పట్టించుకోకుండా టైపు చేసినవాడు, మొదటి పేజీకి వెళ్ళి కళ్ళద్దాలు సర్దుకున్నాడు.