రెండొందల పన్నెండో పేజీ

గ్రేసమ్మను చచ్చాక కూడా కూర్చోబెట్టి చదివించింది మీరే. రెంటచింతల బస్టాండు వెనక రీడింగ్ రూం కమిటీ పెద్దలూ, మిమ్మల్నే అనేది. గోడకు మీరు కొట్టించిన బోర్డు ఇంకా అట్లాగే ఉంది: "తీసుకున్న పుస్తకం పూర్తిచేసి, చివరి పేజీలో సంతకం పెట్టినవారికే మరో పుస్తకం." అబ్బో, ఏం క్రమశిక్షణ! దాని వల్ల ఏం జరిగిందో వినండి.

గ్రేసమ్మ కల్లాల్లో మిరపకాయల తొడిమలు తీసే కూలిమనిషి. రాత్రిబడిలో అక్షరాలు నేర్చి, యాభై దాటాక పుస్తకాల రుచి మరిగింది. మీ బీరువాలోంచి అన్నిటికన్నా లావు పుస్తకం తెచ్చుకుంది. దుప్పటి కొన్నట్టు, మందంగా ఉంటే చానాళ్ళు వస్తుందనుకుంది పిచ్చిది. అదొక జమీందారు ఆత్మకథ. ఆరొందల నలభై పేజీలు, మొదటి వంద వంశవృక్షమే.

"బీరువా అద్దంలోంచి ఒక డిటెక్టివ్ నవల కనపడతందే. ఇదయితే గానీ అది ఇయ్యరంట," అనేది కూతురు నిస్సీతో.

పదకొండు నెలలు ఈడ్చింది. పేజీ తిప్పిన ప్రతిచోటా కారపు వేలి ఎర్రమరక. రెండొందల పన్నెండో పేజీ దగ్గర మరకలు ఆగిపోయాయి. మార్చి నెలలో, కల్లంలోనే, ఆమె గుండె కూడా ఆగింది.

నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక నిస్సీ ఆ పుస్తకం తిరిగివ్వబోయింది. సెక్రటరీ బెంజిమిన్ మాస్టారు చివరి పేజీ తిప్పి చూశాడు.

"సంతకం లేదేందమ్మా?"

"మా అమ్మ చచ్చిపోయింది సార్."

"పుస్తకం చావలేదుగా. మొదలెట్టింది మధ్యలో వదిలితే ఎట్టా? కూతురివి, నువ్వన్నా పూర్తిచెయ్."

ఆ మాట నిస్సీకి ములుకులా దిగింది. అమ్మ పేరున తనే చదివేసి సంతకం పెడదామనుకుంది. మీసేవలో కంప్యూటర్ ముందు పని ఆమెది. మిరపకాయ ముట్టి ఏళ్ళయింది.

మే నెల ఆదివారం, మిట్టమధ్యాహ్నం. ఆ ఊరి ఎండకు వీధిలో కుక్క కూడా లేదు. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. నిస్సీ నాలుగు పేజీలు చదివి, కునుకు పట్టి, పుస్తకం మంచం మీద పెట్టింది. లేచి చూస్తే రెండొందల పదహారో పేజీ మూలన ఎర్రమరక. పదిహేడులో కూడా. పద్దెనిమిదిది ఇంకా తడిగా ఉంది.

తనే ఏదో అంటించి ఉంటుందనుకుని వేలితో తుడిచింది. చెమట పట్టిన కంటిని అదే వేలితో నలుపుకుంది. భగ్గుమంది కన్ను. కారం! అచ్చం అమ్మ చేతి కారం.

అప్పుడే వినపడింది, గాలి లేని గదిలో కాగితం తిరిగిన చప్పుడు. తర్వాత దగ్గు. కల్లం దుమ్ము మింగిన దగ్గు.

"అమ్మా?"

ఇంకో పేజీ తిరిగింది. నెమ్మదిగా, ఇష్టంలేని పనికి పోయే కాళ్ళలాగా.

నిస్సీ భయపడలేదంటే అబద్ధం. కానీ భయం కంటే ముందు ఏడుపొచ్చింది. బతికినన్నాళ్ళూ ఇష్టంలేని పని చేసిన మనిషి. పోయాక కూడా విడుదల లేదు. ఇంకా నాలుగొందల పేజీలు!

పుస్తకం చంకన పెట్టుకుని, చెప్పులు కూడా మరిచి, రీడింగ్ రూంకి నడిచింది. బల్ల మీద దాన్ని తెరిచి, తడిమరక ఉన్న చోట పెన్ను పెట్టి పెద్దక్షరాలతో రాసింది: "బాగాలేదు. ఇక్కడితో ఆపేశాం. గ్రేసమ్మ, నిస్సీ."

"ఏమే, పుస్తకం పాడుచేస్తావా!" అంటూ మాస్టారు లాక్కున్నాడు. ఆయన బొటనవేలు మరక మీద పడింది. కళ్ళజోడు తీసి కన్ను తుడుచుకున్నాడు. ఇక చూడాలి, కుండెడు నీళ్ళు కొట్టుకున్నా మంట తగ్గలేదు.

నిస్సీ ఖాళీ కుర్చీ వైపు తిరిగింది. "చాల్లేమ్మా. నచ్చనిది చదవబళ్ళేదు. లెగు."

కుర్చీ కిర్రుమంది.

మాస్టారు కన్ను తుడుచుకుంటూనే బీరువా తాళంచెవి ఇచ్చాడు. నిస్సీ ఆ డిటెక్టివ్ నవల తెచ్చి అమ్మ మంచం మీద పెట్టింది. మర్నాటి సాయంత్రం పని నుంచి వచ్చి చూస్తే ఎనభై పేజీల దాకా మరకలు! జమీందారు పుస్తకంలో మాత్రం ఆ సంతకం తర్వాత ఒక్కటీ లేదు.

ఇంతా చూసి కూడా మాస్టారు బోర్డు తియ్యలేదు. "కమిటీ తీర్మానం కావాలమ్మా," అన్నాడట.

పెద్దలూ, చదువుతూ మధ్యలోనే పోయినవాళ్ళవి, సంతకం పడని పుస్తకాలు మీ బీరువాలో ఇంకా పదకొండున్నాయి. మధ్యాహ్నం పూట తలుపు తీసి చూడండి. ఒకదాంట్లోంచి బీడీ వాసన వస్తుంది, ఎవరిదో మీకు తెలుసు. తీర్మానాలు తర్వాత. ఇవాళే బోర్డు పీకండి. ఆ పదకొండు పుస్తకాలూ బల్ల మీద పెట్టి, తీసుకున్నవాళ్ళ కార్డుల మీది పేర్లు పేరుపేరునా పిలిచి, లేచి పొమ్మని చెప్పండి.