అక్క గొంతున్న వెర్షన్

వాన కాదు.

రేకుల మీద సన్నటి జల్లు పడుతున్నట్టు చప్పుడు. కిటికీలోంచి పడ్డ ఎండకి గచ్చు మండుతోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా కంప్యూటర్ స్పీకర్లోంచి జల్లు... పెరగదు, తగ్గదు, ఆగదు.

ఆ జల్లున్న చోట అక్క గొంతు ఉండాలి.

చెల్లెలు ఇంకో ఫైలు నొక్కింది. జల్లు.

ఇంకోటి. జల్లు.

వెనకాల బావ నిలబడి ఉన్నాడు. వెల్డింగ్ షెడ్డు నుంచి తిన్నగా వచ్చిన మనిషి — చొక్కా నిండా నిప్పురవ్వలు చేసిన చిల్లులు. ఆఫీసులో ఉన్న మరదలికి ఫోన్ చేసి, ఒకసారి ఇంటికి రా అమ్మాయ్ అని మాత్రం అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆ పిలుపు విన్నాక ఆమె అడగలేదు.

పక్కగదిలో అక్క పడుకుని ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది.

అక్కకి గొంతులో గడ్డ. అడిగి రాలేదు, అడిగితే పోలేదు. ప్రాణం, మాట — రెండిట్లో ఒకటే దక్కుతుందన్నారు డాక్టర్లు. బావ ప్రాణమే అడిగాడు. ఎవరైనా అదే అడుగుతారు.

ఆపరేషన్‌కి ముందు అక్క ఈ కుర్చీలోనే కూర్చుంది. ఈ మైకు ముందే. మాట నేర్పే డాక్టరమ్మ ఇచ్చిన వాక్యాలన్నీ చదివింది. అవయ్యాక తనవి మొదలుపెట్టింది. వచ్చేటప్పుడు గొడుగు మర్చిపోకండి. ఏమే, తిన్నావా. తలుపు నేను తీస్తాలే. చివరికి తిట్లు కూడా. తిట్లెందుకే దాచడం అని బావ గుమ్మంలోంచి నవ్వితే, అవి లేకపోతే మాట్లాడేది నేనేనని మీకు నమ్మకం కుదరదు అంది. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు కాకుండా ఉంటే అంతే చాలు అంది.

నవ్వుతూనే అంది.

రేపు రమ్మంది డాక్టరమ్మ. గాయం మానింది కదా, రికార్డులన్నీ పట్టుకు రండి అంది. ఇకమీదట అక్క టైపు చేస్తే ఫోను అక్క గొంతుతోనే పలుకుతుంది. రికార్డులు లేకపోతే ఎవరిదో గొంతు పెడతారు. ఊరూ పేరూ లేని గొంతు. ఆ గొంతుతో అక్క తనని, ఏమే, తిన్నావా అని అడిగితే —

చెల్లెలు ఆ ఆలోచనని అక్కడే తుంచేసింది.

భయం లేదు. బ్యాకప్‌లు ఉన్నాయి.

ఆ ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లింది ఆమె ఒక్కతే. చదువుకున్న పిల్ల చెప్పిందంటే ఇక దానికి తిరుగులేదు. కంప్యూటర్లో ఉన్నదంతా కలిపి బయటి డిస్కులోకి కాపీ తీసే సాఫ్ట్‌వేర్ ఆమే పెట్టింది. ఆదివారం ఆదివారం దానంతట అదే తీస్తుంది. ఒక్కో కాపీ ఒక్కో వెర్షన్. డిస్కులో చోటు మూడింటికే. ఇంకోటి వచ్చిందంటే అన్నిటికన్నా పాతది పోతుంది.

మూడు చాలవా అనుకుంది. మూడు బావులు. ఒకటి ఎండినా ఇంకోటి ఉంటుంది... అదీ ఎండితే ఇంకోటి.

బావకి కూడా నేర్పింది. ఈ ఆకుపచ్చ బటన్ చూడు బావా. ఏ కాస్త తేడా కనిపించినా ముందు ఇది నొక్కెయ్. మిగతాది నేనొచ్చి చూసుకుంటా.

బావ శ్రద్ధగా నేర్చుకున్నాడు. వేడికి మొద్దుబారిన వేళ్లు. చేతులు కడుక్కుని మరీ నొక్కేవాడు.

చెల్లెలు అప్పుడు చూసింది.

తెర మూలలో చిన్న గీత. ఆకుపచ్చ గీత. నెమ్మదిగా కుడివైపుకి పాకుతోంది.

"బావా... ఇదేంటి?"

"నేనే నొక్కాను. నువ్వొచ్చేలోపు భద్రంగా ఉంటుందని."

"ఇదొక్కసారేనా?"

బావ నేల చూపులు చూశాడు.

ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు, అక్క కునుకు తీసే వేళ, ఆ ఫైళ్లు వింటుంటాడట. బాగా చిన్నగా పెట్టుకుని. గొడుగు మాట ఒకసారి. తిట్లు రెండుసార్లు. మాట పోయిన మనిషి వింటే ఎంత నొచ్చుకుంటుందోనని, దొంగతనంగా. పోయిన వారం బాగానే ఉన్నాయి. ఈ వారం పెడితే జల్లు. ఆకుపచ్చ బటన్ నొక్కాడు. మర్నాడు మళ్లీ విన్నాడు... మళ్లీ జల్లు. మళ్లీ నొక్కాడు. ఇవాళ ఇంకోసారి నొక్కి, ఇక తన వల్ల కాక ఫోన్ చేశాడు.

"నువ్వేగా చెప్పావు, తేడా వస్తే ముందు ఇదే నొక్కమని."

నిందగా అనలేదు. పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా.

అదే ఆమె గుండెల్లో దిగింది.

దానికి మంచీ చెడూ తెలియదు బావా, అంది. ఉన్నది ఉన్నట్టు రాసుకోవడమే దానికి తెలిసింది. కంప్యూటర్ లోపలి డిస్కు చెడిపోతోంది. నువ్వు నొక్కినప్పుడల్లా చెడిపోయినవాటినే రాసుకుంది. ఒక్కో చెడ్డ కాపీ వచ్చి ఒక్కో మంచి కాపీని బయటికి గెంటింది.

బావ కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"అంటే తుప్పు మీదే రంగేస్తూ కూర్చున్నానా నేను?"

ఆమె చూపు మళ్లీ తెర మూలకి పోయింది.

గీత పాకుతోంది.

రెండు చెడ్డవి వచ్చాయి. రెండు మంచివి పోయాయి. మిగిలింది ఒక్కటే — ఆదివారం దానంతట అదే తీసుకున్నది. ఈ గీత ఆ చివరికి చేరిందంటే అదీ పోతుంది.

ఈ కొత్తది పూర్తయ్యాకనా పాతది తీసేసేది? లేక చోటు కోసం ముందే తీసేస్తుందా? సెట్టింగుల్లో రెండు పద్ధతులూ ఉన్నాయి. తను ఏది పెట్టింది? అది అక్క రిపోర్టులు వచ్చిన రోజు. కళ్లలో నీళ్లతో పెట్టింది. ఏం పెట్టిందో...

గుర్తు లేదు.

రద్దు నొక్కింది. నిజంగా రద్దు చెయ్యాలా అని అడిగింది తెర. ఇలాంటప్పుడే దానికి మర్యాద ఎక్కువ. చెయ్యాలి, చెయ్యాలి. రద్దు చేస్తున్నాం, కాస్త ఆగండి అంది. గీత ఆగలేదు. వెంట్రుకవాసి జరిగింది. మళ్లీ వెంట్రుకవాసి.

బావ డిస్కు వైరు పీకెయ్యబోయాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. రాస్తుండగా పీకితే డిస్కంతా పోవచ్చు.

బావ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కాలడం కొత్తేమీ కాదు ఆ చేతులకి... రోజూ ఇనుమును కరిగించి అతికే చేతులు. ఇప్పుడు అతకడానికి ఏమీ కనపడటం లేదు వాటికి.

ఇద్దరూ గీతనే చూస్తూ ఉండిపోయారు. వరద నీళ్లు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రావాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఉంది ఆ గీత.

ఆగింది.

వెర్షన్ల పట్టీ తెరుచుకుంది. పైన ఒకటి. కింద ఒకటి. అట్టడుగున —

ఉంది. ఆదివారం ఉంది.

దాని పక్కన చిన్న తాళం బొమ్మ. నొక్కితే ఆ వెర్షన్‌ని ఇక ఎవరూ, ఏదీ తీసెయ్యలేదు. ఆ తాళం ఉందని ఆమెకి మొదట్నుంచీ తెలుసు. మూడు ఉన్నాయిగా, తాళమెందుకు అనుకుంది. ఇప్పుడు నొక్కింది. చేతులు కాలాక ఆకులు. అయినా ఆకులే కదా... పట్టుకోవడానికి ఇంకేం ఉన్నాయి?

బావ ఊపిరి వదిలాడు. ఇక ఫర్లేదు కదా అమ్మాయ్ అన్నాడు.

ఆమె రోజులు లెక్కపెట్టుకుంటోంది.

బావ పోయిన వారం విన్నాడు, బాగున్నాయి. ఈ వారం విన్నాడు, జల్లు. మధ్యలో ఆదివారం. ఆరోజు షెడ్డులో పని ఉండి వినలేదు. తెగులు ఆదివారం కంటే ముందు పట్టిందా? తర్వాత పట్టిందా?

ఆదివారానికే తెలుసు.

ఆ వెర్షన్‌లోంచి అక్క ఫైళ్లను మాత్రం తన ఆఫీసు ల్యాప్‌టాప్‌లోకి కాపీ పెట్టింది. వచ్చాయి. పేర్లు వచ్చాయి, సైజులు వచ్చాయి. చెడిపోయినవాటికీ అవే పేర్లు. అవే సైజులు. పైకి చూస్తే నిండు కుండే. లోపల నీళ్లున్నాయో, ఇసకుందో.

నొక్కి వినాలి. అంతే.

వేలు ముందుకి పోలేదు. నొక్కనంత సేపూ అక్క గొంతు ఉన్నట్టే. నొక్కితే —

తలుపు చప్పుడైంది. అక్క.

ఎప్పట్నుంచి నిలబడి ఉందో. ముఖంలో నిద్ర లేదు. మెడకి కట్టుకున్న మెత్తటి గుడ్డ సర్దుకుంటూ వచ్చింది. జల్లు విన్నదేమో, బావ మాటలూ విన్నదేమో... ఎవరూ అడగలేదు. చేతిలో ఫోను. ఏదో టైపు చేసి బావ ముందు పట్టుకుంది.

బావ చదివాడు. చదివి ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

చెల్లెలు తొంగి చూసింది.

"రోజూ నేనూ వింటున్నా. నిద్ర నటించి. ఈ వారం ఎందుకు పెట్టడం మానేశారు?"

గదిలో ఫ్యాన్ తిరుగుతోంది.

దాచుకున్నది ఇన్నాళ్లూ ఇద్దరూ విన్నారు. తలుపుకి అటొకరు, ఇటొకరు. ఆ తలుపు తెరుచుకున్న రోజునే...

అక్కా, ఇది కూడా పోయి ఉంటే... అని మొదలుపెట్టింది చెల్లెలు. తర్వాతి మాట రాలేదు. అక్క లాగే నోరు తెరిచి, అక్క లాగే ఊరుకుంది.

అక్క వచ్చి పక్కన కూర్చుంది. చెల్లెలి చేతి మీద తన చెయ్యి వేసింది. చల్లటి చెయ్యి. రేపటి దాకా ఆగుదామంటుందేమో అనుకుంది చెల్లెలు. డాక్టరమ్మ ముందే వింటే కనీసం ఆమె ఏదో ఒకటి చెబుతుంది. అనుకుంటుండగానే అక్క వేలు తన వేలిని నొక్కింది.

మొదటి ఫైలు తెరుచుకుంది.

బావ కళ్లు మూసుకున్నాడు.

ఏమీ వినిపించలేదు. మాట లేదు. జల్లూ లేదు.

వాన మొదలవ్వబోయే ముందు ఉంటుందే... ఆకు కదలదు, పిట్ట పలకదు. వాన వెలిసిన మరుక్షణం కూడా అలాగే ఉంటుంది.

ఆ నిశ్శబ్దం.

ముగ్గురూ దాన్నే వింటున్నారు —