అలిగిన తలుపు

ఆ ఇంట్లో పొద్దున తొమ్మిదయ్యేసరికి తలుపుని బుజ్జగించడం మొదలయ్యేది. ఎప్పుడో తాతగారు కోపమొచ్చి దాన్ని కాలితో తన్నారట. ఆయన పోయి పాతికేళ్ళయినా దాని అలక తీరలేదు. పది ఏనుగులు తోసినా కదిలేది కాదు గానీ, నాలుగు మెత్తటి మాటలు చెబితే ఒక రెక్క తెరిచేది. పెరటి దారి లేని ఇల్లాయె, ఏం చేస్తారు? పాలవాడు కూడా ముందు తలుపుని పలకరించి, ఆ తర్వాతే గిన్నె అడిగేవాడు.

అత్తగారు లాలించేది. "మా అమ్మ కదూ, ఒక్కసారి తెరుచుకో. సాయంత్రం కీళ్ళకి నూనె రాస్తాను."

మరిది వదినని సాక్ష్యం పిలిచి కాకా పట్టేవాడు. "నువ్వే చెప్పు వదినా, ఇంత నున్నటి తలుపు భూప్రపంచంలో ఇంకోటుందా?"

కొత్త కోడలు అందరినీ మించిపోయింది. ఆవిడ పని చెప్పుల కొట్టులో. తొమ్మిదో నంబరు కాలికి నచ్చజెప్పి ఎనిమిదో నంబరు బూటులో కూచోబెట్టి, నవ్విస్తూ పంపేదని పేరు. ఆవిడ "ఏం బంగారం" అనేలోపే గడియ జారిపోయేది.

మొగుడికే ఆ విద్య రాలేదు. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. ఏడాదికి పదకొండు మాటలు మాట్లాడేవాడు, అందులో మూడు దగ్గులు. టిఫిన్ డబ్బా పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, ఎవరైనా బతిమాలితే వాళ్ళ వెనకాలే బయటపడేవాడు.

పెళ్ళయిన ఆర్నెల్లకి ఓ రాత్రి ఆయన నిద్రలో ఉండగా కోడలు జానతో ఆయన పాదం కొలిచి, మర్నాడు కొట్టుకెల్లా మంచి బూట్లు తెచ్చింది. ఆయన తొడుక్కుని, రెండడుగులు వేసి, "బిగుతు" అని బీరువాలో పెట్టేశాడు.

కోడలు అలిగింది. అత్తగారూ మరిదీ నోళ్ళు నొప్పెట్టేలా బతిమాలారు. రావలసిన నోటినుంచి మాత్రం ఒక్క మాటా రాలేదు. చెక్కని ఇంతలా బుజ్జగించే ఇంట్లో తనకో మాట కరువైందా అని మూడు రోజులు చూసింది. నాలుగో రోజు, పక్క ఊళ్ళో కొట్టు వాళ్ళ శాఖకి బదిలీ అడిగి పుచ్చుకుని పెట్టె సర్దుకుంది. బస్సు పదింటికి. అత్తగారు కళ్ళ డాక్టరు దగ్గరికీ, మరిది కాలేజీకీ వెళ్ళిపోయారు.

"తెరుచుకో బంగారం," అంది. ఆ గొంతులో కారం తలుపుకి తెలిసిపోయింది. కదల్లేదు.

"మీ ఇంటి తలుపేగా, మీరే చెప్పండి," అంది మొగుడితో.

ఆయన డబ్బా కింద పెట్టి, అరచెయ్యి తలుపుమీద ఆనించాడు.

"చూడమ్మా," అన్నాడు తలుపుతో. "తన బస్సు పదింటికి. ఆలస్యమైతే సీటు దొరకదు. రోజంతా ఊళ్ళోవాళ్ళ కాళ్ళ దగ్గర వంగి లేచే మనిషి. ఎడమ మోకాలు నొప్పి. నాతో చెప్పదు, మెట్లెక్కుతుంటే చూశాను." బొటనవేలితో గడియ నిమిరాడు. "ఆ బూట్లు బిగుతు కాదు. నా కాలిని అంత సరిగ్గా కొలిచినవాళ్ళు లేరు. అరిగిపోతాయని దాచుకున్నాను. ఏమనాలో తెలీక ఆ మాటన్నాను. నా మీద కోపం తనమీద చూపించకు. వెళ్ళనీ తల్లీ."

గడియ జారింది. అలిగిన నాటినుంచి మొదటిసారి రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. వీధిలోని ఎండంతా లోపలికి దూకి వంటింటి దాకా పరిగెత్తింది.

కోడలు పెట్టెతో గడప దగ్గరే నిలబడిపోయింది.

"బస్సు వెళ్ళిపోతుంది," అన్నాడాయన.

"వెళ్ళనీండి. దాన్నెవరు బతిమాలారు?" పెట్టె కింద పెట్టింది. "ఆ బూట్లు పట్టుకురండి. బిగుతో కాదో కొట్టువాళ్ళం మేం చెప్పాలి."

ఆయన్ని పెట్టెమీద కూచోబెట్టి తనే తొడిగింది. మడమ దగ్గర వేలు పెట్టి చూసింది. చీమ దూరే సందు లేదు, చీమ నలిగే బిగువూ లేదు.

తలుపు అలక ఆ పూటతో తీరిపోయింది. మర్నాడు కోడలి చిటికెన వేలు తగలగానే తెరుచుకుంది. ఆ సంగతి ఆయన చెవిన పడకూడదని అత్తగారి చేతా మరిది చేతా ఆవిడ ఒట్టు వేయించుకుంది.

నలభై ఏళ్ళయింది. ఆ బూట్లకి ఆరుసార్లు అడుగు తోలు మార్పించారు. ఇప్పటికీ తొమ్మిదింటికి ఆయన తలుపుమీద చెయ్యి ఆనించి, ఆవిడకి రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదనీ, ఈ చలి ఆ మోకాలికి పడదనీ, నీలంరంగు ఆవిడకి నప్పినట్టు ఇంకెవరికీ నప్పదనీ చెప్పుకుని బతిమాలతాడు. ఆవిడ వంటింట్లో కుళాయి కట్టేసి వింటుంది.

తలుపూ తక్కువది కాదు. ఆవిడ మళ్ళీ కుళాయి తిప్పేదాకా తెరుచుకోదు.