షావుకారు కూర్చునే కుర్చీ

ఇరవై ఏళ్లుగా ఫర్నిచర్ అమ్ముతున్న షావుకారుకి ఏ బేరంలోనూ తగలని దెబ్బ కన్నకూతురి దగ్గర తగిలింది. కొత్త ఇల్లు తీసుకున్న అమ్మాయి, "నీ కొట్లో సరుకు మాత్రం వద్దు నాన్నా" అనేసింది.

"ఊరికే ఇస్తానన్నా వద్దా?"

"ఊరికే ఇచ్చినా ఐదేళ్లకి చెత్తబండి ఎక్కేదేగా! లోపల రంపపు పొట్టు, జిగురు, పైన ప్లాస్టిక్ కాగితం. నాకు మట్టిలో కలిసిపోయేదైనా కావాలి, మనవల దాకా నిలిచేదైనా కావాలి."

షావుకారు లోలోపల లెక్కేసుకున్నాడు. వైద్యుడి కూతురే పక్క వైద్యుడి దగ్గర మందు పుచ్చుకుంటే ఇక ఆ గుమ్మం ఎవరు తొక్కుతారు? కాదంటే పిల్ల మొండికేస్తుంది. అమ్మాయి వెళ్తానన్న పర్యావరణం సరుకుల కొట్టుకి తనూ వెంట వెళ్లి, వాళ్ల సరుకే డొల్లని తేల్చేస్తే తిరిగి తన దారికొస్తుంది. సరేనని బయల్దేరాడు.

చెక్కని వేలి కణుపుతో కొట్టి, చెవి ఒగ్గి వినడం ఆయన పద్ధతి. ఆ కొట్లో అడుగుపెడుతూనే వెదురు బల్లని కొట్టాడు. "పైన వెదురు పొర, లోపల పొట్టే. మాదీ ఇంతే, కాకపోతే మేం ఒప్పుకుంటాం."

"సార్, ఇది ప్రకృతిని ప్రేమించే బల్ల" అంది అమ్మకాల పిల్ల.

"ప్రేమించనీ అమ్మా. బరువు మోస్తుందా?"

పాత చెక్కతో చేశామన్న బెంచీ దగ్గర వంగి చూశాడు. "మేకుల గుర్తులు కొత్తవి. నిన్న కొట్టి ఇవాళ పీకారు."

అమ్మాయికి ఒళ్లు మండింది. "అన్నిటికీ వంకలే! అసలు మంచి సరుకు ఎలా ఉంటుందో చెప్పు మరి."

గెలుపు మీదున్న షావుకారు గొంతు పెంచాడు. "ఇంట్లో నా కుర్చీలా ఉంటుంది! మా నాన్న చేయించింది. ఒక్క మేకు లేదు, చుక్క జిగురు లేదు. అల్లిక తెగితే మళ్లీ అల్లించుకోవడమే. యాభై ఏళ్లలో ఒక్కసారి కిర్రుమనలేదు!"

అమ్మే ఉద్దేశం లేని సరుకుని పొగడకూడదన్నది వ్యాపారంలో మొదటి పాఠం. అన్నాక గుర్తొచ్చింది.

"చాలు నాన్నా. అదే ఇచ్చెయ్."

"అది నా కుర్చీ తల్లీ! నేనెక్కడ కూర్చోను?"

"నీ కొట్లో కుర్చీలకేం కరువు?"

అమ్మకాల పిల్ల నవ్వాపుకోలేక గోడకేసి తిరిగింది. షావుకారు రెండువైపులా తూచి చూశాడు. ఇవ్వనంటే తన సరుకు మీద తనకే నమ్మకం లేదని నలుగురిలో ఒప్పుకున్నట్టు. ఇస్తానంటే కుర్చీ పోయినట్టు. పరువే బరువు తూగింది.

సాయంత్రం కుర్చీ బండెక్కి వీధిలోంచి వెళ్తుంటే ఎదురు కొట్టువాడు కేకేశాడు. "అమ్మాయింటికా బావా? మీ సరుకేనా?"

"మాది కాక ఇంకెవరిది!" అన్నాడు షావుకారు. అబద్ధమూ కాదు.

ఇంటికొచ్చేసరికి ఆ ఖాళీలో కొట్లోని కొత్త కుర్చీ వేయించి ఉంచింది భార్య. ఆయన దాన్ని కణుపుతో కొట్టబోయి, ఎందుకొచ్చిన గొడవని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సగం బరువు కాళ్ల మీదే ఉంచుకుని మెల్లగా కూర్చున్నాడు. కిర్రుమంది.

"పూర్తిగా కూర్చోండి, భయం లేదు" అంది ఆవిడ. "విరిగితే మార్చి ఇస్తారు. ఆ కొట్టువాడు నాకు బాగా తెలిసినవాడే."