ఆగితే ఉడికే కారు

పొద్దున్నే బయల్దేరిన కారు పది గంటలకల్లా ఆవిరి కక్కుకుంటూ ఇంటి ముందుకే తిరిగొచ్చింది. వెనక సీటు నిండా ఎర్ర మఖ్మలు తెర. అవతలి పేటలోని బడి నాటకం కోసం కోడలు మూడు వారాలు కూర్చుని కుట్టిన తెర అది. సాయంత్రం ఐదింటికి నాటకం. నాలుగింటికల్లా తెర కట్టాలి.

"మళ్లీ ఉడికిందా అమ్మాయ్?" వరండాలోంచే అడిగాడు మామగారు.

"రోడ్డు మీద పోతున్నంతసేపూ బానే ఉంటోంది మావయ్యా. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, వేడి చూపే ముల్లు ఎర్ర గీత ఎక్కేస్తోంది."

మామగారు ముప్పై అయిదేళ్లు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. మోకాళ్లు మొరాయించి ఒంగలేడు గానీ నోటికి మాత్రం రిటైర్మెంటు లేదు.

"ఇంకేం, తెలిసిపోయిందిగా! కారు పోతుంటే ఎదురుగాలే చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఫ్యాను తిరగాలి. అది తిరగట్లేదు. మోటారు కాలిపోయింది, రాసిపెట్టుకో."

మెకానిక్‌కి ఫోన్ చేస్తే సోమవారం రమ్మన్నాడు. టాక్సీ పిలుద్దామంది అత్తగారు.

"ఒంటిగంటన్నర దాకా చూద్దాం అత్తయ్యా. అప్పటికీ తిరక్కపోతే టాక్సీయే," అంది కోడలు చేతులు పైకి మడుచుకుంటూ. కుట్టు మిషను మొండికేస్తే తనే విప్పి బాగుచేసుకునే మనిషి. కారు కూడా మనుషులు బిగించిందే కదా అనుకుంది.

ఇంజను చల్లారేదాకా ఆగి, తగ్గిన నీళ్లు పోశారు. మామగారి కుర్చీ కారు పక్కకి వచ్చింది. ఆయన చెప్పడం, ఆమె చెయ్యడం.

ముందు ఫ్యూజు లాగి చూసింది. లోపలి తీగ చెక్కుచెదరలేదు. తర్వాత రిలే. ఫ్యానుకు కరెంటు వదిలే బుల్లి నల్ల డబ్బా అది.

"హారను రిలే కూడా అదే సైజు. ఫ్యానుది తీసి హారను చోట పెట్టి నొక్కు. మోగితే రిలే మంచిదే."

పెట్టి నొక్కింది. కొత్త హారను లారీలా అరిచింది. గుమ్మంలో అత్తగారి చేతిలోని గ్లాసు కింద పడింది.

"మంచిదని చెప్పడానికి నా ప్రాణం తియ్యాలా?"

రిలే తిరిగి దాని చోటికి వెళ్లింది. ఇక మిగిలింది మోటారే. ఫ్యాను దగ్గరి ప్లగ్గు ఊడదీసి, రెండు తీగలతో మోటారును నేరుగా బ్యాటరీకి కలపమన్నాడు మామగారు. "చెయ్యి దూరంగా ఉంచుకో. తిరగదనుకో, అయినా జాగ్రత్త మంచిది."

తీగ అలా తగిలిందో లేదో ఫ్యాను గిర్రున తిరిగింది. కోడలి ముంగురులు ఎగిరాయి. మామగారు కళ్లజోడు పైకి తోసి మరీ చూశాడు.

"రాసిపెట్టుకోమన్నారుగా, కొట్టేయమంటారా?" అంది అత్తగారు.

ఆయన వినిపించుకోనట్టు పాత పెట్టెలోంచి రెండు తీగల టెస్ట్ బల్బు తెప్పించాడు. ఇంజను వేసి, ముల్లు సగం దాటేదాకా ఆగారు. ఊడదీసిన ప్లగ్గులో ఎర్ర తీగకీ కారు ఇనుప బాడీకీ మధ్య బల్బు పెడితే వెలిగింది. అదే ఎర్ర తీగకీ నల్ల తీగకీ మధ్య పెడితే వెలగలేదు. ఇంకోసారి పెట్టి చూసింది. వెలగలేదు.

ఈసారి ఆయన చెప్పకముందే ఆమెకి తట్టింది. "కరెంటు వస్తోంది మావయ్యా! తిరిగి పోవడానికే దారి లేదు. నల్ల తీగ బాడీకి అంటుకోవట్లేదు."

"శభాష్! ఇంజను ఆపి, ఆ తీగ పట్టుకుని చివరిదాకా పో."

ఫోను లైటు వేసుకుని, నల్ల తీగను వేళ్లతో తడుముకుంటూ హెడ్‌లైటు వెనకదాకా వెళ్లింది. అక్కడ ఒక బోల్టు. దాని కింద కొత్త హారను గట్టిగా బిగించి ఉంది. పక్కనే, ఆ బోల్టు కింద ఉండాల్సిన నల్ల తీగ కొస గాల్లో వేలాడుతోంది.

కోడలు ఒంగిన మనిషి ఒంగినట్టే ఉండిపోయింది. పాత హారను పిల్లికూనలా ఉందని రెండు వారాల కింద కొత్తది పెట్టింది మామగారే. మోకాళ్ల నొప్పితో కష్టపడి బోల్టు విప్పి, హారను బిగించి, తీగను మర్చిపోయాడు. ఈమధ్య కళ్లజోడు ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటున్నాడు. నవ్వేస్తాడు గానీ తర్వాత వరండాలో ఒక్కడే కూర్చుంటాడు. తుప్పు పట్టిందందామా? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పనివాడికి బోల్టు గురించి అబద్ధం చెప్పడం, దర్జీకి తప్పు కొలత ఇవ్వడం లాంటిదే.

"ఊడిన తీగ దొరికింది మావయ్యా. హారను బోల్టు దగ్గర."

మామగారు కుర్చీ చేతులు పట్టుకున్నాడు. "నేనేనా?"

"మీరే."

ఆయన కారు పట్టుకుని లేచి వచ్చి చూశాడు. "ముప్పై అయిదేళ్లలో ఒక్క తీగ వదల్లేదమ్మాయ్," అన్నాడు మెల్లగా.

"పోయిన నెల నేనొక కోటుకి రెండూ ఎడమ చేతులే కుట్టాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు."

మామగారు ఆమె మొహంలోకి చూశాడు. ముందు మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది, ఆ తర్వాత కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది," అంది అత్తగారు. "పైగా కారు పాడుచేసింది వాడేనని రెండు వారాలుగా ఆ మెకానిక్‌ని తిట్టని తిట్టు లేదు!"

"సోమవారం వెళ్లి నేనే చెప్తాలే. అమ్మాయ్, స్పానరిటివ్వు. విప్పింది నేను, బిగించేదీ నేనే."

గరుకు కాగితంతో తీగ కొస రుద్ది, బోల్టు కింద పెట్టి ఆయనే బిగించాడు. ప్లగ్గు పెట్టి ఇంజను వేశారు. ముల్లు సగం దాటింది. ఫ్యాను బుర్రుమంది. అత్తగారు చప్పట్లు కొట్టింది.

ముగ్గురూ బయల్దేరారు. మొదటి సిగ్నల్ దగ్గర ముగ్గురి కళ్లూ ముల్లు మీదే. ముల్లు ఎక్కింది, ఫ్యాను మొదలైంది, ముల్లు దిగింది. మామగారు అద్దం దించి, పక్కన స్కూటరు మీదున్న మనిషికి "మా ఫ్యానండీ!" అని చెప్పాడు. అతను ఏమీ అర్థంకాక నమస్కారం పెట్టాడు.

మూడున్నరకల్లా తెర కట్టేశారు. నాటకం ఎలా ఉందో మామగారు చెప్పలేడు. రెండో రంగానికే గురక పెట్టాడు. తెర మాత్రం రెండుసార్లూ బ్రహ్మాండంగా లేచిందని తిరిగొచ్చే దారి పొడుగునా అత్తగారు చెబుతూనే ఉంది.